సంతకం లేని ప్రోగ్రామ్: ఆపరేటింగ్ సిస్టమ్ భద్రతా నియమాలు, స్వతంత్ర డెవలపర్లు
(ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఒంటరిగానో, ఇద్దరు ముగ్గురు మిత్రులతో కలిసో ఒక చిన్న ప్రోగ్రామ్ రాసి, దాన్ని తమ సొంత వెబ్‌సైటులో పెట్టి, కావలసినవారు దించుకోండి అని చెప్పే మనుషుల గురించి ఈ రోజు మాట్లాడదలచాను. వీరి వెనుక కంపెనీ ఉండదు, న్యాయవాదులు ఉండరు, చాలామందికి ఆ పని మీద ఆదాయం కూడా ఉండదు. వందల ఫోటోల పేర్లను ఒక్కసారిగా మార్చే సాధనం, అను ఫాంట్లలో టైపు చేసిన పాత పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే సాధనం, చూపు తక్కువగా ఉన్నవారికి తెర మీది అక్షరాలను పెద్దవి చేసే సాధనం వంటివి ఎక్కువగా ఇలాంటివారి చేతుల మీదుగానే మనకు అందుతాయి. గత పదిహేనేళ్లలో వీరికీ, వీరి ప్రోగ్రామ్ వాడదలచినవారికీ మధ్య ఆపరేటింగ్ సిస్టమ్ కంపెనీలు భద్రత పేరుతో ఒకదాని మీద ఒకటిగా నియమాలు పేర్చుకుంటూ వచ్చాయి. ఆ నియమాలలో కొన్ని అవసరమైనవని, కొన్ని అన్యాయమైనవని నా అభిప్రాయం. ఏవి ఏ కోవకు చెందుతాయో విడదీసి చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ఈ నియమాలన్నీ రెండే ప్రశ్నలు అడుగుతాయి. మొదటిది, ఈ ప్రోగ్రామ్ రాసింది ఎవరు? రెండోది, ఈ ప్రోగ్రామ్ ఏం చేయబోతోంది? రెండో ప్రశ్న అడిగే నియమాలు వినియోగదారును నిజంగా కాపాడుతాయి. మొదటి ప్రశ్న అడిగేవి కొంతవరకే కాపాడతాయి, కాని వాటి భారం మాత్రం దాదాపు మొత్తంగా చిన్న డెవలపర్ మీద పడుతుంది. ఆపిల్ కంప్యూటర్ అయిన మాక్ కథను వివరంగా చెబుతాను, ఎందుకంటే అక్కడ ఈ మార్పు మొదటి మెట్టు నుంచి నేటి మెట్టు దాకా స్పష్టంగా కనిపిస్తుంది. మన దేశంలో ఎక్కువమంది చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఇప్పుడు అదే మెట్లు ఎక్కుతోంది.

ముందుగా, ఈ నియమాలు ఊరికే పుట్టలేదని ఒప్పుకోవాలి. ఫ్లాష్ ప్లేయర్ ఇన్‌స్టాలర్ వేషంలో 2011లో బయలుదేరిన ఫ్లాష్‌బ్యాక్ అనే మాల్వేర్ (హాని చేసే ప్రోగ్రామ్), తరువాత జావాలోని ఒక లోపాన్ని కూడా వాడుకుని, 2012 ఏప్రిల్ నాటికి 6 లక్షలకు పైగా మాక్‌లలోకి చొరబడింది. మాక్‌కు వైరస్ రాదన్న నమ్మకం దానితో పోయింది. మన దగ్గరి సంగతి మీ అందరికీ తెలుసు. ట్రాఫిక్ చలానా అని, బ్యాంకు కేవైసీ అని, పీఎం కిసాన్ అని, చివరికి పెళ్లి శుభలేఖ అని వాట్సాప్‌లో ఒక ఏపీకే ఫైలు, అంటే ఆండ్రాయిడ్ యాప్ ఫైలు, వస్తుంది; దాన్ని ఇన్‌స్టాల్ చేసి ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి ఇచ్చిన మరుక్షణం నుంచి ఓటీపీలు నేరగాళ్లకు చేరిపోతాయి. తెలుగు రాష్ట్రాల పోలీసులు దీని మీద మళ్లీ మళ్లీ హెచ్చరికలు జారీ చేస్తున్నారు. పింఛను డబ్బు పోగొట్టుకున్న మనిషి ముందు నిలబడి, నాకు ప్రోగ్రామ్ పంచుకునే స్వేచ్ఛ కావాలి అని మాత్రమే అంటే అది చాలదు. ఆ మనిషిని కాపాడే మార్గం కూడా మనమే చెప్పగలగాలి.

ఇక మాక్ సంగతి. బ్రౌజర్ ద్వారా దించుకున్న ఫైలుకు మాక్‌లో కంటికి కనిపించని ఒక గుర్తు అంటుకుంటుంది. దాన్ని క్వారంటైన్ గుర్తు అంటారు. అది 2007లో లెపర్డ్ అనే మాక్ ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్‌తో వచ్చింది. ఇది ఇంటర్నెట్ నుంచి వచ్చిన ప్రోగ్రామ్, తెరవమంటారా అని ఒకసారి అడిగి ఊరుకోవడమే అప్పట్లో దాని పని. 2012 జూలైలో మౌంటెన్ లయన్ వెర్షన్‌తో పాటు గేట్‌కీపర్ అనే తనిఖీ విభాగం వచ్చింది. సెట్టింగ్స్‌లో మూడు ఎంపికలు ఉండేవి: ఆపిల్ యాప్ స్టోర్ నుంచి వచ్చినవి మాత్రమే తెరవాలి, స్టోర్‌తో పాటు ఆపిల్ దగ్గర నమోదైన డెవలపర్లవి కూడా తెరవాలి, ఎక్కడి నుంచి వచ్చినవైనా తెరవాలి. మధ్యదాన్ని కంపెనీ ముందే ఎంచి పెట్టింది. అది సమంజసమైన ఏర్పాటే అని నేను ఇప్పటికీ అనుకుంటాను, ఎందుకంటే మూడో ఎంపిక అందరికీ కనిపించేది, యంత్రం కొన్నవాడి ఇష్టానికి వదిలేసేది.

తరువాతి మార్పులన్నీ ఒకే దిశలో సాగాయి. 2016లో సియెర్రా వచ్చినప్పుడు మూడో ఎంపిక సెట్టింగ్స్ నుంచి మాయమైంది. 2018లో మొహావేతో నోటరైజేషన్ అనే పద్ధతి మొదలైంది: డెవలపర్ తన ప్రోగ్రామ్‌కు డిజిటల్ సంతకం (రాసింది ఎవరో తెలిపే ముద్ర) చేయడమే కాక, ప్రతి కొత్త వెర్షన్‌ను ఆపిల్ సర్వర్‌కు పంపాలి, అక్కడ యంత్రం దాన్ని తనిఖీ చేసి, తెలిసిన మాల్వేర్ కనబడకపోతే ఒక టికెట్టు ఇస్తుంది. 2019లో కటలీనాతో ఇది తప్పనిసరి అయింది, అంటే ఆ టికెట్టు లేని ప్రోగ్రామ్ మామూలుగా తెరుచుకోదు; కొంత గడువు ఇచ్చాక 2020 ఫిబ్రవరి నుంచి పూర్తిగా అమలైంది. అప్పటికీ ఒక దారి మిగిలింది. కంట్రోల్ మీట నొక్కి పట్టుకుని ప్రోగ్రామ్ మీద క్లిక్ చేసి, ఓపెన్ అంటే, హెచ్చరిక చూపించి తెరిచేది. చిన్న డెవలపర్లందరూ తమ సూచనల పేజీలో రాసుకున్నది ఆ ఒక్క వాక్యమే. 2024 సెప్టెంబరులో సెక్వోయా వచ్చి దాన్ని కూడా తీసేసింది. ఇప్పుడు ప్రోగ్రామ్‌ను ఒకసారి తెరవబోయి, విఫలమై, సెట్టింగ్స్‌లో ప్రైవసీ, సెక్యూరిటీ పేజీకి వెళ్లి, అడుగున ఉన్న బటన్ నొక్కి, పాస్‌వర్డు ఇచ్చి, మళ్లీ తెరవాలి.

ఈ ఏర్పాటంతా డిజిటల్ సంతకం మీద నిలబడింది కాబట్టి, ఆ సంతకం ఏం చెబుతుందో, ఏం చెప్పదో చూద్దాం. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ వచ్చినవారి పేరు, ఫోన్ నంబరు రిజిస్టరులో రాయించుకుంటాడు. లోపలికి వెళ్లిన మనిషి ఏం చేస్తాడో ఆ రిజిస్టరు చెప్పదు. సంతకం కూడా అంతే. 2016 మార్చిలో ట్రాన్స్‌మిషన్ అనే పేరున్న ఉచిత ప్రోగ్రామ్ వెబ్‌సైటులోకి ఎవరో చొరబడి, దాని ఇన్‌స్టాలర్‌లో కీరేంజర్ అనే రాన్సమ్‌వేర్‌ను (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే మాల్వేర్‌ను) కలిపి పెట్టారు. ఆ ఇన్‌స్టాలర్‌కు ఆపిల్ జారీ చేసిన చెల్లుబాటయ్యే సర్టిఫికెట్‌తోనే, అంటే సంతకం చేసేవారి గుర్తింపు పత్రంతోనే, సంతకం ఉంది, గేట్‌కీపర్ దాన్ని అడ్డుకోలేదు. నోటరైజేషన్ వచ్చాక 2020 ఆగస్టులో ష్లేయర్ అనే యాడ్‌వేర్‌కు (బలవంతంగా ప్రకటనలు చూపే ప్రోగ్రామ్‌కు) ఆపిల్ తనిఖీ యంత్రమే టికెట్టు ఇచ్చిందని భద్రతా పరిశోధకుడు పాట్రిక్ వార్డిల్ బయటపెట్టారు. 2023 మార్చిలో 3సీఎక్స్ అనే టెలిఫోన్ ప్రోగ్రామ్‌ను తయారీదారు దగ్గరే కలుషితం చేసినప్పుడు, ఆ కలుషితమైన మాక్ వెర్షన్ కూడా నోటరైజ్ అయినదే. విండోస్‌లో ఇది ఇంకా పాత కథ: 2010లో బయటపడిన స్టక్స్‌నెట్, రియల్‌టెక్, జేమైక్రాన్ కంపెనీల నుంచి దొంగిలించిన సర్టిఫికెట్లతో సంతకాలు చేసుకుని వచ్చింది.

అయితే సంతకం పనికిరానిదని నేను అనడం లేదు. కీరేంజర్ బయటపడగానే ఆపిల్ ఆ సర్టిఫికెట్‌ను రద్దు చేసింది, వ్యాప్తి అక్కడితో ఆగింది. మధ్య దారిలో ఎవరూ ఫైలును మార్చలేదని రుజువు చేయడానికి సంతకాన్ని మించింది లేదు. నా అభ్యంతరం వేరు. డబ్బున్న నేరగాడు సర్టిఫికెట్ కొంటాడు, దొంగిలిస్తాడు, అద్దెకు తీసుకుంటాడు. అతనికి అది వ్యాపార ఖర్చు. ఊరికే ఇచ్చే ప్రోగ్రామ్ రాసినవాడికి ఆ దారులేవీ లేవు. అతని ముందు మిగిలేది ఫీజు కట్టడమా, మానుకోవడమా అన్న ప్రశ్న ఒక్కటే.

ఆ ఫీజు ఆపిల్ దగ్గర ఏడాదికి 99 డాలర్లు, మన లెక్కలో ఎనిమిది వేల రూపాయలకు పైనే. కొన్ని దేశాలలో లాభాపేక్ష లేని సంస్థలకు, గుర్తింపు పొందిన విద్యాసంస్థలకు, ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఉంది, వ్యక్తులకు లేదు. ఉద్యోగం చేసే ఇంజినీరుకు ఇది పెద్ద మొత్తం కాకపోవచ్చు. కాని ఇంజినీరింగ్ చదువుతున్న విద్యార్థి, తన లైబ్రరీ కోసం తానే కేటలాగ్ ప్రోగ్రామ్ రాసుకున్న గ్రంథాలయ ఉద్యోగి, లేదా ఏళ్ల క్రితం రాసిన ఉచిత సాధనాన్ని అభిమానం కొద్దీ నిలబెడుతున్న మనిషి, ఎవరికీ ఒక్క రూపాయి అడగని పని మీద ప్రతి ఏడాదీ డబ్బు కట్టాలి. కట్టడం మానేస్తే, పాత వెర్షన్ పనిచేస్తూనే ఉన్నా, కొత్త వెర్షన్‌ను నోటరైజ్ చేయించుకోలేడు. అంటే భద్రతా లోపం సరిదిద్దిన కొత్త వెర్షనే జనానికి చేరదు. భద్రత కోసం పెట్టిన నియమం ఇక్కడ భద్రతకే అడ్డు పడుతోంది.

ఐఫోన్‌లో ఇంకా గట్టి నియమం ఉంది. ఫీజు కట్టని ఖాతాతో, మీరు స్వయంగా రాసిన ప్రోగ్రామ్‌ను, మీరే కొన్న ఫోన్‌లో పెట్టుకుంటే, 7 రోజుల తరువాత అది తెరుచుకోవడం మానేస్తుంది. మళ్లీ కంప్యూటర్‌కు తగిలించి కొత్తగా ఎక్కించుకోవాలి. ఇక్కడ ఎవరి నుంచి ఎవరిని కాపాడుతున్నారో నాకు అర్థం కాదు.

విండోస్‌లో సర్టిఫికెట్లు ఎక్కువగా అమ్మేది మైక్రోసాఫ్ట్ కాదు, వేరే సంస్థలు. ఖరీదు ఏడాదికి వందల డాలర్ల దాకా ఉంటుంది. పైగా 2023 జూన్ నుంచి, సంతకం చేసే రహస్య కీని మామూలు ఫైలుగా దాచుకోవడానికి వీల్లేదు. ప్రత్యేకమైన హార్డ్‌వేర్ టోకెన్‌లోనో, అలాంటి రక్షణ ఉన్న సర్వర్‌లోనో ఉంచాలి. కీల దొంగతనం ఆపడానికి ఇది మంచి నియమమే, కాని వేర్వేరు దేశాలలో ఉండి ఇంటర్నెట్ ద్వారా కలిసి పనిచేసే స్వచ్ఛంద బృందానికి ఆ టోకెన్ ఎవరి బల్ల మీద ఉండాలి? సర్టిఫికెట్ కొన్నా పని అయిపోదు. స్మార్ట్‌స్క్రీన్ అనే విభాగం, ఎంతమంది దించుకున్నారన్న దాన్ని బట్టి ప్రోగ్రామ్‌కు ఒక పరపతి లెక్క కడుతుంది. తక్కువమంది వాడేదైతే తెర మీద పెద్ద హెచ్చరిక వస్తుంది, అయినా తెరవండి అనే బటన్ మరో లింకు వెనుక దాగి ఉంటుంది. హెచ్చరిక చూసి జనం వెనక్కి పోతారు, జనం వెనక్కి పోతే పరపతి పెరగదు.

హెచ్చరికలో వాడే మాటల మీద నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ. ఆపిల్ సొంత చిప్ ఉన్న మాక్‌లో, సంతకం లేని ప్రోగ్రామ్‌ను దించుకుని తెరిస్తే చాలాసార్లు వచ్చే సందేశం, ఈ ప్రోగ్రామ్ పాడైపోయింది, దీన్ని చెత్తబుట్టలో వేయండి అని. అది అబద్ధం. ప్రోగ్రామ్ పాడవలేదు, ఎవరు రాశారో ఆ యంత్రానికి తెలియదు, అంతే. సెక్వోయాలో మామూలుగా వచ్చే హెచ్చరిక, ఇందులో మాల్వేర్ లేదని ఆపిల్ నిర్ధారించలేకపోయింది అంటుంది; అది నిజమే, కాని దాని కింద ఉండే రెండు బటన్లలో ఒకటి సరే అనేది, రెండోది చెత్తబుట్టలో వేయమనేది. తెరవడానికి వేరే దారి ఉందన్న సూచన ఎక్కడా ఉండదు. 2020 అక్టోబరులో హెచ్‌పీ కంపెనీ తన ప్రింటర్ డ్రైవర్ల సర్టిఫికెట్ పొరపాటున రద్దయ్యేలా చేసుకున్నప్పుడు, లోకమంతటా మాక్‌లు ఆ డ్రైవర్లను చూపించి, ఇది మీ కంప్యూటర్‌కు హాని చేస్తుంది అన్నాయి. అంత పెద్ద కంపెనీ కాబట్టి పత్రికలలో వార్త వచ్చింది, కొన్ని రోజులలో సర్దుకుంది. అదే మాట ఒక అనామక డెవలపర్ ప్రోగ్రామ్ మీద కనిపిస్తే, వినియోగదారు అతన్ని దొంగ అనుకుంటాడు, ఎవరికీ చెప్పకుండా తీసేస్తాడు. నిజాయితీగా పనిచేసిన మనిషికి తన పేరు ఎక్కడ ఎందుకు పోయిందో కూడా తెలియదు.

కంట్రోల్ క్లిక్ దారిని ఆపిల్ ఎందుకు మూసిందో కూడా చెప్పాలి. 2023లో బయటపడిన అటామిక్ స్టీలర్ వంటి మాల్వేర్, తన ఇన్‌స్టాలర్ కిటికీలోనే ఒక బొమ్మ వేసి, ఇలా కుడి క్లిక్ చేసి ఓపెన్ నొక్కండి అని చెప్పేది (కుడి క్లిక్, కంట్రోల్ క్లిక్ ఒకటే). అమాయకులు అలాగే చేసేవారు, పాస్‌వర్డులు పోయేవి. కాబట్టి కంపెనీ ఆలోచనకు ఆధారం ఉంది. కాని ఫలితం ఏమైంది? దారి మూసుకుపోగానే నేరగాళ్లు పద్ధతి మార్చారు. ఆజ్ఞలు టైపు చేసే కిటికీ అయిన టెర్మినల్ తెరిచి, ఈ వరుసను అతికించండి అని చెప్పడం మొదలుపెట్టారు. టెర్మినల్ ఆజ్ఞ ద్వారా దించుకున్న ఫైలుకు క్వారంటైన్ గుర్తు మామూలుగా అంటుకోదు, గేట్‌కీపర్‌కు పనే ఉండదు. ఇటు నిజాయితీగల డెవలపర్లు కూడా వేరే గతి లేక, క్వారంటైన్ గుర్తును తుడిచేసే ఆజ్ఞను తమ సూచనలలో రాశారు. అర్థం తెలియని ఆజ్ఞలను టెర్మినల్‌లో అతికించే అలవాటు మామూలు మనుషులకు ఈ విధంగా రెండు వైపుల నుంచీ అంటింది. కంట్రోల్ క్లిక్ కంటే ఇది ఎన్నో రెట్లు ప్రమాదకరమైన అలవాటు.

అనుమతి ఒక్క చోట కేంద్రీకృతమైతే వచ్చే మరో ప్రమాదం 2020లోనే రెండుసార్లు కనిపించింది. ఆ ఏడాది ఆగస్టులో ఒక స్వతంత్ర డెవలపర్ ఖాతా పొరపాటున రద్దు కావడంతో, ఆయన ప్రోగ్రామ్‌లు డబ్బు పెట్టి కొనుక్కున్నవారి మాక్‌లలో కొన్ని గంటల పాటు తెరుచుకోలేదు. తరువాత ఆపిల్ సరిదిద్దింది. నవంబరు 12న, బిగ్ సర్ విడుదలైన రోజున, సర్టిఫికెట్లు చెల్లుతాయా లేదా అని అడగడానికి మాక్‌లు సంప్రదించే ఆపిల్ సర్వర్ మొరాయించింది. పాత వెర్షన్ వాడుతున్నవారి మాక్‌లలో కూడా, ఏళ్ల తరబడి పనిచేస్తున్న ప్రోగ్రామ్‌లు తెరుచుకోవడానికి నిమిషాలు పట్టింది. మనం ఒక ప్రోగ్రామ్ తెరిచినప్పుడు యంత్రం వేరెవరినో సంప్రదిస్తోందని చాలామందికి ఆ రోజే తెలిసింది. ఆ సంప్రదింపును ఎన్‌క్రిప్ట్ చేస్తామని (మధ్యలో ఎవరూ చదవలేకుండా చేస్తామని), వద్దనుకునేవారు ఆపుకునే వీలు ఇస్తామని ఆపిల్ అప్పుడు ప్రకటించింది.

ఇప్పుడు రెండో ప్రశ్న అడిగే నియమాల దగ్గరికి వస్తాను. ప్రోగ్రామ్ కెమెరా వాడబోతే, మైకు వాడబోతే, డాక్యుమెంట్ల ఫోల్డరు ముట్టుకోబోతే, తెరను రికార్డు చేయబోతే యజమానిని అడిగి తీరాలన్న నియమాలు మాక్‌లో 2018 నుంచి బలపడ్డాయి. ఇవి డెవలపర్‌కు చిరాకు కలిగించవని చెప్పను. తెర రికార్డింగ్ అనుమతిని సెక్వోయా నెలనెలా మళ్లీ అడుగుతుంది, అది అతి. కాని ఇవి పెద్ద కంపెనీనీ, ఒంటరి విద్యార్థినీ ఒకే ప్రశ్న అడుగుతాయి. పైగా వీటి హద్దుల గురించి చర్చించవచ్చు, మార్చుకోవచ్చు. 2012 జూన్ నుంచి మాక్ యాప్ స్టోర్‌లోకి వచ్చే ప్రోగ్రామ్‌లకు శాండ్‌బాక్స్ (ప్రోగ్రామ్ తనకిచ్చిన హద్దు దాటకుండా ఆపే కంచె) తప్పనిసరి అయినప్పుడు, ఆ హద్దులలో తన పని సాగదని బీబీఎడిట్ అనే పేరున్న టెక్స్ట్ ఎడిటర్ 2014లో స్టోర్ వదిలి వెళ్లింది. ఆపిల్ శాండ్‌బాక్స్ నియమాలను సడలించాక 2019లో తిరిగి వచ్చింది. ఆ మధ్య కాలంలో దాని తయారీదారులు తమ వెబ్‌సైటు నుంచి అమ్ముకుని బతికారు. బయట దారి ఉండబట్టే ఆ బేరం సాధ్యమైంది.

ఆండ్రాయిడ్‌లోనూ ఇలాంటి మంచి నియమం ఒకటి ఉంది. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13, బయటి నుంచి ఎక్కించిన యాప్‌లకు, తెర మీద ఉన్నది చదివి వాడేవారి బదులు నొక్కగలిగే యాక్సెసిబిలిటీ సేవను, నోటిఫికేషన్లు చదివే అనుమతిని సులభంగా ఇవ్వనివ్వదు. చలానా ఏపీకే మోసాల్లాంటివి బతికేవి ఇలాంటి అనుమతుల మీదే. ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతిని ఇంకా గట్టిగా కట్టడి చేస్తే, ఆ ఏపీకే రాసింది ఎవరో తెలియకపోయినా డబ్బు పోదు. తెలుగు కీబోర్డు రాసేవారికి ఇంకో ఉదాహరణ తెలిసే ఉంటుంది: మీరు టైపు చేసే పాస్‌వర్డులతో సహా అంతా ఈ కీబోర్డు సేకరించగలదు అని ఆండ్రాయిడ్ హెచ్చరిస్తుంది. అది కటువుగా ఉన్నా నిజం, పెద్ద కంపెనీ కీబోర్డును ఎక్కించుకున్నా అదే హెచ్చరిక వస్తుంది. దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

కాని గూగుల్ ఇప్పుడు మొదటి ప్రశ్న వైపు నడుస్తోంది. 2025 ఆగస్టులో ఆ కంపెనీ చేసిన ప్రకటన ప్రకారం, 2026 సెప్టెంబరు నుంచి బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయ్‌లాండ్ దేశాలలో, గూగుల్ ధ్రువీకరణ ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లలో, గుర్తింపు రుజువు చేసుకుని నమోదైన డెవలపర్ల యాప్‌లు మాత్రమే ఇన్‌స్టాల్ అవుతాయి. 2027 నుంచి మిగిలిన ప్రపంచానికి విస్తరిస్తారు. ప్లే స్టోర్‌తో సంబంధమే లేకుండా మీ వెబ్‌సైటులో పెట్టిన ఏపీకేకు కూడా ఇది వర్తిస్తుంది. విద్యార్థులకు, సరదాగా రాసేవారికి ఫీజు లేని ఖాతా ఇస్తామన్నారు, అయితే దానితో కొద్ది ఫోన్లలోనే ఎక్కించవచ్చు. విమర్శలు వచ్చాక, ప్రమాదం తెలిసి ముందుకు వెళ్లదలచిన అనుభవజ్ఞులకు వేరే దారి పెడతామని నవంబరులో ప్రకటించారు. ఆ దారి ఎంత సూటిగా ఉంటుందన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంది.

దీనివల్ల ఎక్కువ దెబ్బ తగిలేది 2010 నుంచి నడుస్తున్న ఎఫ్‌-డ్రాయిడ్‌కు. అది లాభాపేక్ష లేని యాప్ భాండారం. బహిరంగ సోర్సు కోడ్‌ను తానే తీసుకుని, తానే బిల్డ్ చేసి (యాప్‌గా తయారుచేసి), ఎక్కువ యాప్‌లకు తన కీతోనే సంతకం చేసి ఇస్తుంది. ప్రతి యాప్ పేరూ ఒక నమోదైన వ్యక్తి ఖాతాకు కట్టుబడి ఉండాలంటే, ఈ పద్ధతి నిలవదని ఆ ప్రాజెక్టువారు 2025 సెప్టెంబరులోనే చెప్పారు. చూస్తే, ఎవరు రాశారన్న ప్రశ్నకు బదులు కోడ్‌లో ఏముందన్న ప్రశ్న అడిగి, దానికి అందరికీ కనిపించేలా జవాబు చెప్పిన సంస్థ అది. ప్లే స్టోర్‌కే వెళ్లవచ్చు కదా అంటారు. 2023 నవంబరు తరువాత తెరిచిన వ్యక్తిగత ఖాతాకు, యాప్ విడుదల చేసేముందు 14 రోజుల పాటు వరుసగా పరీక్షించేవారిని చూపించాలి. మొదట 20 మంది అన్నారు, తరువాత 12కు తగ్గించారు. యాప్ ద్వారా డబ్బు సంపాదిస్తే వ్యక్తిగత ఖాతాదారు చిరునామా స్టోర్ పేజీలో అందరికీ కనిపిస్తుంది. ఒంటరిగా ఉండే అమ్మాయి ఒక యాప్ రాసి అమ్ముకోవాలంటే ఇంటి చిరునామా లోకానికి చెప్పాలన్నమాట.

మన దేశంలో ఈ విషయం ఇప్పటికే న్యాయస్థానాల దాకా వెళ్లింది. 2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధిస్తూ, డెవలపర్లు సైడ్‌లోడింగ్ ద్వారా, అంటే స్టోర్ బయటి నుంచి, యాప్‌లు పంచుకోవడాన్ని ఏ విధంగానూ అడ్డుకోరాదని కూడా ఆదేశించింది. 2023 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ జరిమానాను నిలబెట్టింది గాని, కొట్టివేసిన నాలుగు ఆదేశాలలో ఇదీ ఒకటి. 2024 మార్చిలో కేంద్రం ప్రజాభిప్రాయానికి పెట్టిన డిజిటల్ కాంపిటీషన్ బిల్లు ముసాయిదాలో, ఇతరుల యాప్‌లు ఇన్‌స్టాల్ చేసుకోవడాన్ని పెద్ద కంపెనీలు అడ్డుకోరాదన్న నిబంధన ఉంది. అది చట్టం కాలేదు. భారతదేశంలో ఆండ్రాయిడ్ కొత్త నియమం అమలు కాకముందే ఆ నిబంధన మీద ఇక్కడి డెవలపర్లు అభిప్రాయం రాసి పంపాలని, ప్రజా ప్రతినిధులతో మాట్లాడాలని నా కోరిక. ఇంతవరకు ఆ చర్చలో వినిపించినవి పెద్ద స్టార్టప్‌ల గొంతులే.

ప్రత్యామ్నాయం లేదని కంపెనీలు అంటే నేను ఒప్పుకోను. వెబ్‌సైట్లకు సర్టిఫికెట్ కావాలంటే ఒకప్పుడు డబ్బు పెట్టి కొనాల్సి వచ్చేది, చిన్న సైట్లు ఎన్‌క్రిప్షన్ లేకుండానే నడిచేవి. 2015 చివర లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్ష లేని సేవ అందరికీ తెరుచుకుని, సర్టిఫికెట్లు ఉచితంగా, యాంత్రికంగా ఇవ్వడం మొదలుపెట్టింది. మోసగాళ్లూ తీసుకుంటారని అప్పుడు భయపెట్టారు, తీసుకున్నారు కూడా. దానికి బ్రౌజర్లు సర్టిఫికెట్లను మళ్లీ ఖరీదైనవి చేయలేదు. బ్రౌజర్‌లో సైటు చిరునామా పక్కన ఉండే తాళం బొమ్మను చూసి సైటు మంచిదని జనం పొరబడుతున్నారని గుర్తించి, 2023లో క్రోమ్ ఆ బొమ్మనే తీసేసింది. ప్రోగ్రామ్‌ల సంతకానికీ ఇదే దారి పట్టవచ్చు. గుర్తింపు కార్డు అడగకుండా, ఈ ఫైలు ఫలానా సోర్సు కోడ్ నుంచి ఫలానా రోజున తయారైందని బహిరంగ చిట్టాలో నమోదు చేసే సిగ్‌స్టోర్ వంటి ఏర్పాట్లు 2021 నుంచి ఉన్నాయి. ఆపరేటింగ్ సిస్టమ్‌లు వాటిని గుర్తించడమే మిగిలింది.

చివరగా, ఇక్కడ కూర్చున్న విద్యార్థి డెవలపర్లకు రెండు మాటలు. ఫీజు కట్టగలిగితే సంతకం చేయండి. కట్టలేకపోతే కోడ్ బయటపెట్టండి, ఎవరు బిల్డ్ చేసినా అదే ఫైలు వచ్చేలా బిల్డ్ పద్ధతి రాయండి, ఫైలు చెక్‌సమ్‌ను (ఫైలు మారలేదని సరిచూసుకునే సంఖ్యను) వేరే చోట ప్రకటించండి. మీ ప్రోగ్రామ్ అడిగే ప్రతి అనుమతికీ కారణం తెలుగులో రాయండి, అక్కర్లేనిది అడగకండి. సంతకం ఎందుకు లేదో మీ పేజీలో సూటిగా చెప్పి, సెట్టింగ్స్‌లో ఉన్న దారిని బొమ్మలతో చూపించండి. గేట్‌కీపర్‌ను మొత్తంగా ఆపేయమనే సూచన మీ పేజీలో ఎక్కడైనా ఉంటే ఈ రాత్రికే తీసేయండి. మీ ఒక్క ప్రోగ్రామ్ కోసం వినియోగదారు తన యంత్రమంతా తెరిచిపెట్టమని అడిగే హక్కు మీకు లేదు.

ఇక ప్రశ్నలు అడగండి.